మిర్చి బండి ఎక్కువ తాగుతోందా?

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తోలే డీజిల్ పికప్ నాది. లీటరుకు 12 కిలోమీటర్లే ఇస్తోంది. మా బావ హైబ్రిడ్ కారు 22 ఇస్తోందట. బండి అమ్మేయమంటారా?
– ఒక రైతు, వరంగల్ జిల్లా

జవాబు: అమ్మకండి. ఒకటిన్నర టన్ను మోస్తూ 12 కిలోమీటర్లు పోతోందంటే, మీ బండి లీటరుకు 18 టన్ను-కిలోమీటర్ల పని చేస్తోంది. కారులో నలుగురు కూర్చున్నా మోసే బరువు 260 కిలోలు. దాన్ని 22తో హెచ్చవేస్తే ఆరు టన్ను-కిలోమీటర్లు కూడా రావు.

అయితే ఖాళీ పికప్‌లో మీరొక్కరే హనుమకొండకు సొంత పనిమీద వెళ్తే లెక్క తిరగబడుతుంది. చౌరస్తాల దగ్గర ఆగి ఆగి కదిలే చోటే హైబ్రిడ్ బలమంతా. బ్రేకు వేసినప్పుడు వేడిగా పోయే శక్తిలో కొంత బ్యాటరీలోకి చేరి, మళ్లీ కదిలేటప్పుడు పనికొస్తుంది. హైదరాబాద్ రోడ్డు మీద ఒకే వేగంతో పోతే ఆ లాభం తగ్గుతుంది. మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కు చెప్పే 27.97 కూడా పరీక్షలో వచ్చిన అంకే, రోడ్డు మీద వచ్చేది కాదు.

చాలామంది గమనించని సంగతి ఇంకొకటి. మీ బండి 12 నుంచి 14కు పెరిగితే వెయ్యి కిలోమీటర్లకు 12 లీటర్లు మిగులుతాయి. అంతే మిగలాలంటే మీ బావ కారు 22 నుంచి 30కి పెరగాలి! అందుకే ముందు టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్ చూపించండి. మార్కెట్ నుంచి ఖాళీగా రాకుండా ఊరికి కావలసిన ఎరువుల బస్తాలు వేసుకు రండి.