నీ గంట నువ్వే కొట్టుకో

చిన్నీ,

కాదమ్మా, అది బద్ధకం కాదు. నొప్పి ఉన్న పూట కెమెరా ఆపి పడుకుని వింటే టీచరు సోమరిననుకుంటారేమోనని కదా నీ బెంగ? ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, అందులో పద్దెనిమిదేళ్లు ఈ కీళ్లవాతంతోనే చెప్పినదాన్ని. నా మాట నమ్ము. పడుకుని విన్నా పాఠం పాఠమే.

అయితే ఆవిడకు చెప్పకపోవడం మాత్రం నీ తప్పే. బడిలో అయితే నువ్వు కుంటుతూ రావడం మా కళ్లకు కనబడేది. ఇక్కడ కనబడేది నల్లటి గడి ఒక్కటే. దాని వెనక మోకాలు వాచిన పిల్ల ఉందో, నిద్రపోతున్న పిల్ల ఉందో ఆవిడకెలా తెలుస్తుంది? మూడు ముక్కలు రాసి పంపు: నాకు కీళ్లవాతం ఉంది, పొద్దుటి పూట వేళ్లు బిగుసుకుపోతాయి, అలాంటి రోజు పడుకుని విని హోంవర్కు సాయంత్రం పంపుతాను. అంతే. బతిమాలక్కర్లేదు.

నాకు కోపం తెప్పించింది నువ్వు చివర్లో రాసిన సంగతి. ఆదివారం నొప్పి లేదని, మిగిలిపోయిన ఏడు పాఠాలూ ఒక్క బిగిన చూశావా! సోమవారం మంచం దిగలేకపోయావా!

నేనూ ఇదే చేశాను. ఒకసారి అర్ధసంవత్సర పరీక్షల పేపర్లు నూట పది ఇంటికి తెచ్చుకున్నాను. ఆ ఆదివారం వేళ్లు హాయిగా కదిలాయి. మళ్లీ ఇలాంటి రోజు ఎప్పుడొస్తుందోనని పొద్దున్న ఎనిమిదింటికి కూర్చుంటే, లేచేసరికి రాత్రి పదకొండు. మీ పెదనాన్న భోజనానికి పిలిచినా కంచం అక్కడికే తెప్పించుకున్నాను. తెల్లారేసరికి కుడి మణికట్టు వాచిపోయింది. జడ వేసుకోలేకపోయాను. సుద్దముక్క పట్టుకోలేకపోయాను. ఐదు రోజులు సెలవు. ఆ ఐదు రోజులూ నాకు తోచిందొక్కటే. నన్ను దెబ్బతీసింది చెడ్డ రోజు కాదు, మంచి రోజు.

అప్పటి నుంచి నాదొకటే నియమం. ఆగడానికి నొప్పిని అడగను, గడియారాన్ని అడుగుతాను. నొప్పి చెప్పేసరికే ఆలస్యమైపోతుంది. బాగోలేని రోజున నొప్పి పెరగకుండా ఎంతసేపు కూర్చోగలవో చూసుకో. ఇరవై ఐదు నిమిషాలనుకో, ఇరవైకే లే. మంచి రోజున కూడా ఇరవైకే లే, అదే కష్టం. ఒకటి రెండు వారాలు అలా నిలకడగా సాగితే అప్పుడు రెండు నిమిషాలు కలుపు.

మన జబ్బులో కదలకుండా కూర్చున్నా కీళ్లు బిగుస్తాయి. బడిలో పీరియడ్ పీరియడ్‌కీ గంట కొట్టేవాళ్లు. ఎవరో ఒకరు లేచేవాళ్లు, నీళ్లకు వెళ్లేవాళ్లు, టీచరు వస్తే నిలబడేవాళ్లు. ఆ గంట పాఠం కోసమే అనుకునేదాన్ని, అది ఒంటిక్కూడా అని తర్వాత తెలిసింది. నీ ఆన్‌లైన్ క్లాసులో ఒక పాఠం వెనక ఇంకొకటి వచ్చేస్తుంది, ఎవరూ గంట కొట్టరు. నీ గంట నువ్వే కొట్టుకోవాలి. ఫోన్లో అలారం పెట్టు. మోగగానే వరండా దాకా నడిచి, వేళ్లు నాలుగుసార్లు ముడిచి తెరిచి రా.

పరీక్షలకు కంగారెందుకు? నువ్వు చేరింది ఎన్‌ఐఓఎస్ అనే సార్వత్రిక పాఠశాలలో. చేరిన దగ్గర్నుంచి ఐదేళ్ల గడువు, తొమ్మిదిసార్లు రాసే వీలు, ఏటా రెండు విడతలు. సబ్జెక్టులన్నీ ఒకేసారి రాసి తీరాలని ఎవరూ అనలేదు, నువ్వే అనుకుంటున్నావు.

ఇంకొకటి. డాక్టరు రాసింది కాక ఇంకో నొప్పి బిళ్ల వేసుకున్నావట, మీ అమ్మ చెప్పింది. ఇంకెప్పుడూ అలా చెయ్యకు. బిళ్ల చాలకపోతే ఆ మాట డాక్టరుకు చెప్పాలి. కంటి పరీక్ష తేదీ కూడా దాటనివ్వకు. ఈ జబ్బున్న పిల్లలకు కంటి లోపల వాపు ఎరుపూ నొప్పీ లేకుండానే రావచ్చు. మసకగా ఉంటే కంప్యూటర్ చూసినందుకేలే అనుకుని ఊరుకోకు.

ఈ ఉత్తరం నాలుగు విడతల్లో రాశాను. సిరా రంగు మారిన చోటల్లా లేచి పెరట్లోకి వెళ్లొచ్చానన్నమాట. ఇవాళ నా వేళ్లు బాగున్నాయి, ఒక్కసారే రాసేయగలను. అయినా లేచాను.

జవాబు నువ్వు కూడా విడతలుగానే రాయి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ