గది ఇచ్చేవాళ్లా, గట్టిగా అడిగేవాళ్లా?

ఇంక్యుబేషన్ సెంటర్ బోర్డు లేని ఇంజినీరింగ్ కాలేజీ ఇప్పుడు అరుదు. వ్యాపార ఆలోచన ఉన్న విద్యార్థి మొదట తట్టేది ఆ తలుపే. దగ్గర్లోనే ఉంది, లెక్చరర్లు తెలిసినవాళ్లే, ఇంట్లో ఒప్పించడమూ తేలికే. ఇన్ని అనుకూలతలున్నా, సాఫ్ట్‌వేర్ లేదా ఇంటర్నెట్ ఆధారిత వ్యాపారం చేయాలనుకునేవాళ్లు వై కాంబినేటర్ వంటి అంతర్జాతీయ స్టార్టప్ ప్రోగ్రామ్‌ల వైపు ముందుగా చూడటం మేలని నా అభిప్రాయం. దీనికి కారణం విదేశీ మోజు కాదు, డాలర్ల మీద ఆశా కాదు. మీ కంపెనీ పెరిగితే ఎవరికి లాభం, ఆగిపోతే ఎవరికి నష్టం అని అడిగితే ఈ రెండు చోట్లా వచ్చే జవాబులు వేరు. మిగతా తేడాలు చాలావరకు అక్కడి నుంచే పుడతాయి.

కాలేజీ ఇంక్యుబేటర్ పనితీరును ఎవరు, దేనితో కొలుస్తారో చూడండి. కేంద్ర విద్యాశాఖ 2018లో ఇన్‌స్టిట్యూషన్స్ ఇన్నోవేషన్ కౌన్సిళ్లను మొదలుపెట్టింది. ఏడాది పొడుగునా నిర్వహించిన కార్యక్రమాలను బట్టి వాటికి స్టార్ రేటింగ్ వస్తుంది. కాలేజీల నాణ్యతను మదింపు చేసే నాక్ గుర్తింపు కోసం పంపే నివేదికలోనూ ఇన్నోవేషన్ ఎకోసిస్టమ్ ఒక అంశం. కాబట్టి ఎన్ని వర్క్‌షాపులు పెట్టారు, ఎన్ని హ్యాకథాన్‌లు జరిపారు, ఎన్ని స్టార్టప్‌లను నమోదు చేశారు అన్నది కాలేజీకి ముఖ్యమవుతుంది. మీ కంపెనీ రిజిస్టరైన రోజునే ఆ లెక్కలో చేరిపోతుంది. ఆ తర్వాత దానికి పది మంది కస్టమర్లు దొరికారా, పది వేల మందా అన్నది ఆ లెక్కను పెద్దగా మార్చదు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ఇంక్యుబేషన్ బాధ్యత చూసే ప్రొఫెసర్‌కు క్లాసులుంటాయి, పరీక్షల డ్యూటీలుంటాయి, పేపర్లు రాయాల్సి ఉంటుంది. మీ అమ్మకాలు పెరిగినందుకు ఆయన ప్రమోషన్ ముందుకు జరగదు. 2005లో మొదలైన వై కాంబినేటర్ పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. అది మీ కంపెనీలో వాటాదారు. మీరు పెరగకపోతే పెట్టిన డబ్బు పోయినట్టే. అందుకే అక్కడ ప్రతి వారం వినిపించే ప్రశ్న ఒకటే: ఈ వారం ఎంతమంది వాడారు, ఎంతమంది డబ్బు కట్టారు?

ఇలా అడిగేవాళ్లు ఉండటం వల్ల నిజంగా తేడా వస్తుందా అంటే, దానికి మంచి ఆధారమే ఉంది. చిలీ ప్రభుత్వం 2010లో ‘స్టార్టప్ చిలీ’ అనే కార్యక్రమం ప్రారంభించింది. ఏ దేశం వాళ్లయినా వచ్చి అక్కడ పనిచేసుకోవచ్చు. వాటా ఏమీ అడగకుండా దాదాపు 40,000 డాలర్లు, ఏడాది వీసా, అందరూ కలిసి పనిచేసుకునే ఆఫీసు ఇచ్చారు. వచ్చినవాళ్లలో కొందరిని ఎంపిక చేసి, వాళ్లకు మాత్రం అదనంగా శిక్షణ పెట్టారు. నిర్ణీత గడువులతో లక్ష్యాలు పెట్టుకోవడం, నిర్వాహకుల ముందు, సాటి వ్యవస్థాపకుల ముందు నిలబడి ఎంతవరకు వచ్చామో చెప్పడం అందులో భాగం. జువానితా గొంజాలెజ్-ఉరిబె, మైకేల్ లెదర్‌బీ అనే పరిశోధకులు ఎంపికలో అంచు మీద గట్టెక్కినవాళ్లను, అంచు మీద తప్పిపోయినవాళ్లను పోల్చి చూసి, 2018లో ఫలితాలు ప్రచురించారు. డబ్బు, ఆఫీసు మాత్రమే అందినవాళ్ల విషయంలో వాటివల్ల మేలు జరిగిందనడానికి వారికి ఆధారం దొరకలేదు. వాటితోపాటు శిక్షణ కూడా అందినవాళ్లు మాత్రం తర్వాత ఎక్కువ పెట్టుబడి తెచ్చుకున్నారు, వాళ్ల కంపెనీలు పెద్దవయ్యాయి. మన కాలేజీ ఇంక్యుబేటర్లలో చాలావరకు గర్వంగా చూపించేది ఏమిటో గుర్తు చేసుకోండి: ఏసీ గది, వైఫై, ఒక గ్రాంటు. పనిచేస్తుందని ఈ అధ్యయనంలో తేలినది ఆ జాబితాలో లేదు.

దీనికి తోడు మరో ఫలితం విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. వై కాంబినేటర్ వంటి ప్రోగ్రామ్‌లను యాక్సిలరేటర్లు అంటారు. వాటిలో చేరిన కంపెనీలను, చేరని అలాంటి కంపెనీలను శాండీ యూ అనే పరిశోధకురాలు పోల్చి చూశారు. యాక్సిలరేటర్‌లో చేరినవి ఎక్కువగా మూతపడ్డాయి, తొందరగా మూతపడ్డాయి, మూతపడేలోపు తక్కువ పెట్టుబడి సమీకరించాయి. పైకి ఇది చేదు వార్తలా కనిపిస్తుంది కానీ నా దృష్టిలో 21 ఏళ్ల వ్యక్తికి ఇంతకంటే విలువైన సేవ లేదు. పనికిరాని ఆలోచన పనికిరాదని మూడు నెలల్లో తేలిపోతే, మిగిలిన కాలం మరో ఆలోచనకో, మంచి ఉద్యోగానికో దక్కుతుంది. క్యాంపస్‌లో అదే ఆలోచన ఒక పోటీలో బహుమతి, మరో పోటీలో ప్రశంసాపత్రం తెచ్చుకుంటూ రెండు మూడేళ్లు బతికేయగలదు. న్యాయనిర్ణేతలకు నచ్చడం వేరు, జేబులోంచి డబ్బు తీసేవాళ్లకు నచ్చడం వేరు. ప్లేస్‌మెంట్ సీజన్ దాటిపోయాక ఈ సంగతి అర్థమైతే దాని భారం విద్యార్థి మీదే, ఇంకా చెప్పాలంటే చదువు కోసం అప్పు తెచ్చిన కుటుంబం మీదే పడుతుంది.

వాటా సంగతి అందరినీ భయపెడుతుంది కాబట్టి కాస్త ఆగి లెక్క చూద్దాం. వై కాంబినేటర్ ప్రస్తుతం ఒక్కో కంపెనీకి 5 లక్షల డాలర్లు ఇస్తోంది. అందులో 1,25,000 డాలర్లకు 7 శాతం వాటా తీసుకుంటుంది. మిగతా 3,75,000 డాలర్లకు వాటా ఎంతన్నది అప్పుడే తేలదు. తర్వాత వచ్చే ఇన్వెస్టర్లకు మీరిచ్చే అత్యుత్తమ షరతులే దానికీ వర్తిస్తాయి. ఉదాహరణకు ఆ ఇన్వెస్టర్లు కోటి డాలర్ల విలువ దగ్గర ఒప్పుకుంటే ఈ భాగానికి మరో 3.75 శాతం పోతుంది. మొత్తం 10.75 శాతం. తక్కువేమీ కాదు. మరి కాలేజీ ఉచితమా? 2019లో కేంద్రం విడుదల చేసిన జాతీయ ఇన్నోవేషన్, స్టార్టప్ విధానం చదవండి. ఇచ్చిన సదుపాయాలు, వాడుకున్న పేరు, అధ్యాపకుల పాత్రను బట్టి విద్యాసంస్థ 2 నుంచి 9.5 శాతం దాకా వాటా తీసుకోవచ్చని అందులో ఉంది. సాధారణంగా చాలా తక్కువే తీసుకోవాలని కూడా అదే విధానం సూచిస్తుంది, ఆ మాట కూడా చెప్పాలి. అయినా గది, ల్యాబు, సలహాలకు బదులుగా వాటా ఇచ్చే విద్యార్థి, అదే వాటాకు బయట ఏం దొరుకుతుందో తెలుసుకున్నాకే సంతకం పెట్టాలి.

డబ్బు కంటే ఎక్కువ కాలం నిలిచేది పక్కన కూర్చునేవాళ్ల స్థాయి. రేజర్‌పే వ్యవస్థాపకులు హర్షిల్ మాథుర్, శశాంక్ కుమార్ ఐఐటీ రూర్కీలో చదివారు, వై కాంబినేటర్ 2015 శీతాకాలం బ్యాచ్‌లో చేరారు. మీషో వ్యవస్థాపకులు విదిత్ ఆత్రే, సంజీవ్ బర్న్‌వాల్ ఐఐటీ ఢిల్లీ నుంచి వచ్చారు, అక్కడే 2016లో చేరారు. వీళ్లు అప్పటికే డిగ్రీలు పూర్తిచేసినవాళ్లు. విద్యార్థి దశలోనే దూకినవాళ్లకు ఉదాహరణ జెప్టో ఆరంభకులు ఆదిత్ పలీచా, కైవల్య వోహ్రా. బ్యాచ్‌లో పక్క బల్ల వాళ్లు ఈ వారం అమ్మకాలు రెట్టింపు చేశారని తెలిస్తే, మన వేగం ఎంత నెమ్మదో వేరేవాళ్లు చెప్పక్కర్లేదు. క్యాంపస్‌లో సాధారణంగా మన పోలిక మన సెక్షన్‌తోనే. అక్కడ మొదటి ర్యాంకు వచ్చినంత మాత్రాన మార్కెట్‌లో నిలబడతామన్న భరోసా లేదు.

ఇక అభ్యంతరాలు. వాటిలో కొన్ని చాలా బలమైనవి. మొదటిది, సీటు దొరకదు కదా అన్నది. నిజమే, వై కాంబినేటర్‌కు దరఖాస్తు చేసినవాళ్లలో ఎంపికయ్యేది సుమారు నూటికి ఒకరు. కానీ దరఖాస్తుకు ప్రత్యేకంగా ఖర్చు లేదు. మీరేం తయారు చేస్తున్నారు, ఎవరికి అవసరం, ఇప్పటిదాకా ఎంతమంది వాడారు అన్న ప్రశ్నలకు సూటిగా రాయాల్సి రావడమే సగం శిక్షణ. వాళ్ల స్టార్టప్ స్కూల్ పాఠాలు ఆన్‌లైన్‌లో ఉచితం. భీమవరంలో కూర్చుని చదివినా, శాన్ ఫ్రాన్సిస్కోలో చదివినా అవే పాఠాలు. డిగ్రీ మానేయాలేమోనన్న భయానికీ ఇప్పుడు ఒక మార్గం ఉంది. చదువుతుండగానే దరఖాస్తు చేసి, సీటు ఖాయం చేసుకుని, పట్టా పుచ్చుకున్నాక వచ్చి చేరేలా ‘ఎర్లీ డెసిషన్’ పేరుతో విద్యార్థులకు ప్రత్యేక అవకాశం తెచ్చారు. చదువు పక్కనపెట్టి పనిచేయమనే థీల్ ఫెలోషిప్ వేరే రకం. అది వాటా అడగకుండా గ్రాంటు ఇస్తుంది. ఓయో స్థాపించిన రితేశ్ అగర్వాల్‌కు 2013లో దక్కింది అదే. మన మధ్యతరగతి ఇళ్లలో డిగ్రీ లేకపోవడం ఎంత పెద్ద ప్రమాదమో తెలుసు కాబట్టి, దాన్ని అందరికీ సిఫారసు చేయలేను.

రెండో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. వై కాంబినేటర్ పెట్టుబడి పెట్టేది అమెరికా, సింగపూర్, కేమన్ ఐలాండ్స్ వంటి కొన్ని చోట్ల రిజిస్టరైన కంపెనీల్లోనే. అంటే భారతీయ వ్యవస్థాపకులు మాతృసంస్థను విదేశంలో పెట్టాలి. భారత్‌లో నివసిస్తూ విదేశీ కంపెనీలో వాటా తీసుకుంటే విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా) కింద 2022లో వచ్చిన ఓవర్సీస్ ఇన్వెస్ట్‌మెంట్ నిబంధనలు పాటించాలి. తర్వాత ఎప్పుడైనా మన స్టాక్ మార్కెట్‌లో లిస్టు కావాలంటే కంపెనీని వెనక్కి తేవాలి, దానికి భారీగా పన్ను కట్టాల్సి రావచ్చు. అమెరికా నుంచి తిరిగొచ్చినప్పుడు ఆన్‌లైన్ పెట్టుబడుల సంస్థ గ్రో మీద దాదాపు 1,340 కోట్ల రూపాయల పన్ను భారం పడింది. పైగా 2021లో కేంద్రం మొదలుపెట్టిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ వంటి పథకాలు ఇక్కడ రిజిస్టరై, భారతీయుల చేతిలో కనీసం 51 శాతం వాటా ఉన్న కంపెనీలకే. అందులో ప్రోటోటైప్ దశకు 20 లక్షల వరకు గ్రాంటు ఇస్తారు. విదేశీ మాతృసంస్థ పెట్టుకున్నవాళ్లు ఆ దారి వదులుకోవాల్సిందే. ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. కస్టమర్లంతా అమెరికాలో ఉండే సాఫ్ట్‌వేర్‌కు విదేశీ రిజిస్ట్రేషన్ సహజంగా సరిపోతుంది. గుంటూరు మిర్చి రైతుకు, కరీంనగర్ కిరాణా దుకాణానికి పనికొచ్చే వ్యాపారమైతే, భారత్‌లో రిజిస్టరైన కంపెనీల్లోనూ పెట్టుబడి పెట్టే ప్రోగ్రామ్‌లను వెతకడం మంచిది. సింగపూర్‌లో పుట్టిన యాంట్లర్ ఇప్పుడు మన దేశంలోనూ పనిచేస్తోంది. వెంచర్ పెట్టుబడి సంస్థ పీక్ ఎక్స్‌వీ నడిపే సర్జ్ కూడా ఉంది. కావలసింది విదేశీ చిరునామా కాదు, పెరుగుదల మీద స్వార్థం ఉన్న భాగస్వామి.

మూడో అభ్యంతరం ముందు మాత్రం నా వాదన వెనక్కి తగ్గాలి. బ్యాటరీ, రాకెట్, వైద్య పరికరం వంటి వాటి మీద పనిచేసేవాళ్లకు మూడు నెలల బ్యాచ్ ఎటూ చాలదు. వాళ్లకు ఏళ్ల తరబడి ల్యాబు, టెస్టింగ్ పరికరాలు, ఆ శాస్త్రం తెలిసిన ప్రొఫెసర్లు కావాలి. ఏథర్ ఎనర్జీ, అగ్నికుల్ ఐఐటీ మద్రాస్ నీడలో ఎదిగాయి. డ్రోన్లు తయారుచేసే ఐడియాఫోర్జ్‌కు ఐఐటీ బాంబే ఇంక్యుబేటర్ ‘సైన్’ అండగా నిలిచింది. ఆ క్యాంపస్‌లు ఇచ్చింది ఉత్త గది కాదు, మరోచోట కోట్లు పెట్టినా వెంటనే దొరకని పరిశోధన. అలాంటి ల్యాబు మీ కాలేజీలో ఉంటే కదలకండి. కానీ ఒక ఐఐటీ చూపించిన ఫలితాన్ని ప్రతి కాలేజీ ఇంక్యుబేటర్ ఖాతాలో వేయడం సరికాదు. 2015లో ఐఐఐటీ హైదరాబాద్ ప్రాంగణంలో మొదలైన టీ-హబ్‌నూ ఈ లెక్కలో కలపకూడదు. అది ఏ ఒక్క కాలేజీ ఇంక్యుబేటరూ కాదు, బయటివాళ్లకూ దాని తలుపులు తెరిచే ఉన్నాయి.

అసలు ఈ వయసులో వ్యాపారమేమిటని అడిగేవాళ్లకూ చేతిలో ఆధారం ఉంది. అమెరికాలో అత్యంత వేగంగా ఎదిగిన కంపెనీలను చూస్తే, ప్రారంభించేనాటికి వాటి వ్యవస్థాపకుల సగటు వయసు 45 అని పియెర్ అజూలే బృందం 2020లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. అంటే విద్యార్థి దశలో గెలిచే అవకాశం తక్కువే. అలాంటప్పుడు మొదటి ప్రయత్నంలో ముఖ్యంగా సంపాదించాల్సింది రెండో ప్రయత్నానికి పనికొచ్చే నేర్పు, పరిచయాలు. అవి ఎక్కువగా దొరికే చోటు వెతకాలన్న వాదన ఈ లెక్కతో ఇంకా బలపడుతుందే కానీ తగ్గదు.

కాలేజీని పూర్తిగా వదిలేయమని దీని అర్థం కాదు. 2019 విధానం ప్రకారం స్టార్టప్ పనిలో ఉన్న విద్యార్థికి సెమిస్టర్ విరామం, హాజరులో మినహాయింపు, మేజర్ ప్రాజెక్టు బదులు స్టార్టప్‌నే చూపించే వీలు కల్పించవచ్చు. మీ యూనివర్సిటీ దాన్ని అమలు చేస్తోందో లేదో కనుక్కోండి, చేస్తుంటే వాడుకోండి. అయితే ఆ చివరి వెసులుబాటులో ఒక మెలిక ఉంది. కోర్సులో భాగంగా తయారైన ఆవిష్కరణ మీద, లేదా సంస్థ నిధులు, పరికరాలు గణనీయంగా వాడి చేసిన దాని మీద హక్కులు విద్యార్థికీ సంస్థకూ ఉమ్మడిగా ఉంటాయి. సొంత సమయంలో, సొంత లాప్‌టాప్ మీద, కోర్సుతో సంబంధం లేకుండా చేసింది మీ ఒక్కరిదే. రేపు పెట్టుబడి పెట్టబోయే ఇన్వెస్టర్ తప్పక అడిగే ప్రశ్నల్లో ఈ కోడ్ ఎవరిది అన్నది ఒకటి. ఉమ్మడి హక్కు ఉంటే కాలేజీ నుంచి రాతపూర్వకంగా అనుమతి తేవాలి, దానికి నెలలు పట్టవచ్చు. మూడో ఏడాదిలో ఉన్నవాళ్లు ఇప్పుడే మీ కాలేజీ మేధోసంపత్తి పాలసీ కాపీ అడిగి తీసుకోండి, ఇంక్యుబేటర్ ఒప్పందంలో వాటా ఎంతో చూడండి. ఆ రెండూ చదివాకే ఫైనలియర్ ప్రాజెక్టు టైటిల్‌ను డిపార్ట్‌మెంట్‌కు ఇవ్వండి.