పాత కంప్యూటర్‌కు కొత్త బయోస్: మార్చే ముందు, మార్చేటప్పుడు

కంప్యూటర్ స్విచ్చి వేయగానే ముందుగా తెర మీద కంపెనీ పేరు కనబడుతుంది. విండోస్ గాని లినక్స్ గాని వచ్చేది ఆ తర్వాతే. ఈ మధ్య గడిచే కొద్ది సెకన్లలో యంత్రాన్ని నడిపించే ప్రోగ్రామునే బయోస్ అంటారు. 'బేసిక్ ఇన్‌పుట్ అవుట్‌పుట్ సిస్టమ్' అనే మాటలకు ఇది పొట్టి పేరు.

డెల్టా పిల్లలమైన మనకు దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీరు నాగాయలంక పొలానికి తనంతట తాను రాదు. లాకులు, తూములు సరిగా ఉన్నాయో లేదో చూసి షట్టర్లు ఎత్తడానికి లస్కరు ఉండాలి. బయోస్ చేసేది ఆ లస్కరు పనే. ర్యామ్ ఉందా, కీబోర్డు పలుకుతోందా, హార్డ్‌డిస్కు ఎక్కడుంది అని ఒక్కొక్కటీ తనిఖీ చేసి, అన్నీ బాగుంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ను పిలిచి పెత్తనం దానికి అప్పగిస్తుంది. లస్కరు లేని రోజున బ్యారేజీలో ఎంత నీరున్నా చేను తడవదు. అలాగే బయోస్ చెడితే ప్రాసెసరు, ర్యామ్, డిస్కు అన్నీ బాగున్నా కంప్యూటర్ లేవదు.

ఈ బయోస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చడం గురించి విద్యార్థుల్లో ఇప్పుడు ఆసక్తి పెరిగింది. దానికి కారణం ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. పాత యంత్రాలున్న వాళ్లు 'బయోస్ మారిస్తే కొత్త విండోస్ ఎక్కుతుందేమో' అని ఆశ పడుతున్నారు. 'రెండు నిమిషాల పనే, నొక్కెయ్యి' అని సలహా ఇచ్చేవాళ్లకూ కొదవ లేదు. నొక్కడం రెండు నిమిషాల పనే, కాని దానికి ముందు చేసుకోవలసిన ఏర్పాట్లకు ఒక పూట పడుతుంది. ఆ ఏర్పాట్లు ఏమిటో, ఎందుకో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొంచెం చరిత్ర

బయోస్ అనే పేరును 1970లలో సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం గ్యారీ కిల్డాల్ వాడాడు. 1981 ఆగస్టులో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటర్‌లో బయోస్ పరిమాణం 8 కిలోబైట్లు మాత్రమే. అది రామ్ చిప్పులో ఉండేది. ఇక్కడ రామ్ అంటే చదవడానికే తప్ప తిరగరాయడానికి వీలులేని జ్ఞాపకశక్తి. దాన్ని మార్చాలంటే చిప్పునే ఊడదీసి ఇంకొకటి పెట్టాలి. 1971లో ఇంటెల్‌లో డవ్ ఫ్రోమన్ కనిపెట్టిన ఈప్రామ్ చిప్పును అతినీలలోహిత కాంతి కింద ఉంచి చెరిపి, మళ్లీ రాయవచ్చు. ఆ కాంతి లోపలికి పోవడానికి చిప్పు నెత్తిన చిన్న గాజు కిటికీ ఉండేది. 1984లో తోషిబా కంపెనీ ఇంజనీరు ఫుజియో మసువోకా ఫ్లాష్ మెమరీని లోకానికి తెలియజేశాడు. దీన్ని విద్యుత్తుతోనే, బోర్డు మీద ఉండగానే చెరిపి రాయవచ్చు. 1990లలో మదర్‌బోర్డులకు ఇదే వచ్చింది. నేటి బోర్డుల్లో 16 గాని 32 గాని మెగాబైట్ల ఫ్లాష్ చిప్పు ఉండడం మామూలు. అందులో ఉండేది బయోస్‌కు వారసుడైన యు.ఈ.ఎఫ్.ఐ. అయినా అందరూ బయోస్ అనే పిలుస్తున్నారు.

ఈ సౌకర్యంలోనే ప్రమాదమూ ఉంది. సులువుగా రాయగలిగేది సులువుగా చెరిగిపోతుంది కూడా. తైవాన్‌లో ఒక కాలేజీ విద్యార్థి రాసిన సి.ఐ.హెచ్. అనే వైరస్ 1999 ఏప్రిల్ 26న చాలా దేశాల్లో విరుచుకుపడి హార్డ్‌డిస్కుల మొదటి భాగాన్ని పాడుచేసింది. కొన్ని రకాల మదర్‌బోర్డుల్లో బయోస్‌ను కూడా చెరిపేసింది. ఆ బోర్డులు చిప్పు మార్చేదాకా లేవలేదు.

అసలు అవసరమా?

మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇదే. కొత్త నంబరు కనబడింది కదా అని మార్చకూడదు. కంప్యూటర్ వేగం పెరుగుతుందన్నది కూడా చాలావరకు భ్రమే. సరైన కారణాలు నాలుగే ఉన్నాయి. ఒకటి, బోర్డులో ఇంకో ప్రాసెసరు పెట్టదలిచి, దానికి ఫలానా వెర్షన్ కావాలని కంపెనీ పట్టికలో ఉండడం. రెండు, పాత బయోస్ పెద్ద డిస్కును గుర్తించకపోవడం. మూడు, మీ యంత్రంలో కనబడుతున్న లోపమే కొత్త వెర్షన్‌లో సరిచేశామని కంపెనీ రాయడం. నాలుగు, భద్రత. 2018 జనవరిలో బయటపడిన మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాల తర్వాత చాలా కంపెనీలు ఇందుకోసమే కొత్త బయోస్‌లు ఇచ్చాయి.

విండోస్ 11 సంగతి వేరుగా చెప్పాలి. దానికి టి.పి.ఎం. 2.0 కావాలి. ఇంటెల్ అయితే సుమారుగా 8వ తరం, ఏ.ఎం.డి. అయితే రైజెన్ 2000 వరస, లేదా ఆ తర్వాతి ప్రాసెసరు ఉండాలి. అంతకన్నా పాత ప్రాసెసరుకు ఏ బయోసూ ఆ అర్హత తెచ్చిపెట్టదు. ప్రాసెసరు సరిపోయే పక్షంలో చాలాసార్లు బయోస్ మార్చనక్కరలేదు, సెట్టింగుల్లో టి.పి.ఎం.ను ఆన్ చేస్తే చాలు.

ఇంకొక పొరపాటు అభిప్రాయం. కంప్యూటర్ తేదీ వెనక్కి పోతుంటే బయోస్ పాడైందనుకుంటారు. తేదీని, సెట్టింగులను కాపాడేది బోర్డు మీద ఉండే సి.ఆర్. 2032 అనే 3 వోల్టుల బటన్ సెల్. ఆ సెల్ మారిస్తే సరిపోయేదానికి బయోస్ జోలికి పోవడం దేనికి?

ముందు ఏర్పాట్లు

బోర్డు పేరు, రివిజన్: ఒకే పేరుతో వచ్చిన బోర్డులో రివిజన్ 1.0కు ఒక బయోస్, 2.0కు ఇంకో బయోస్ ఉండవచ్చు. పెట్టె తెరిచి బోర్డు మీద అచ్చువేసిన అక్షరాలను చదువుకోవాలి. ఇప్పుడున్న బయోస్ వెర్షన్ విండోస్‌లోని సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో కనబడుతుంది. లినక్స్‌లో డి.ఎం.ఐ.డీకోడ్ కమాండు చెబుతుంది. డెల్, హెచ్.పి., లెనోవో వంటి కంపెనీ యంత్రాలకు ఆ కంపెనీ, ఆ మోడలు, ఆ సీరియల్ నంబరు ప్రకారమే ఫైలు తెచ్చుకోవాలి.

ఫైలు: తయారుచేసిన కంపెనీ వెబ్‌సైటు నుంచే తీసుకోవాలి. పాత బోర్డులకు ఇది ఎల్లకాలం దొరకదు. డెస్క్‌టాప్ బోర్డుల వ్యాపారం మానేస్తున్నామని 2013లో ప్రకటించిన ఇంటెల్, 2019 నవంబరులో తన పాత బయోస్ ఫైళ్లను వెబ్‌సైటు నుంచి తొలగించింది. కాబట్టి మార్చినా మార్చకపోయినా మన బోర్డు ఫైలు ఒకటి దింపి దాచుకోవడం మంచిది. ఫైలుతోపాటు కంపెనీ రాసిన సూచనలు చదవాలి. మధ్యలో ఒక వెర్షన్ వేసి తర్వాతే చివరిది వేయాలని, ఒకసారి మారిస్తే వెనక్కి పోలేమని అందులో రాసి ఉండవచ్చు.

సరిచూసుకోవడం: లారీకి బస్తాలు ఎక్కించేటప్పుడు చీటీ మీద రాసిన లెక్క దించేటప్పుడు సరిపోవాలి గదా. ఫైలుకు అలాంటి లెక్కే చెక్‌సమ్. కంపెనీ దాన్ని ఇచ్చి ఉంటే, విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండుతో మన ఫైలు లెక్క తీసి పోల్చాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ ఫైలు పనికిరాదు.

కాగితం, కలం: బయోస్ మారిన తర్వాత సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి. ముఖ్యంగా సాటా మోడ్ ఏ.హెచ్.సి.ఐ.లో ఉందా ఐ.డి.ఈ.లో ఉందా, బూట్ విధానం లెగసీయా యు.ఈ.ఎఫ్.ఐ.నా అన్నవి రాసుకోవాలి. ఫోనుతో ఫొటో తీసుకున్నా సరే. ఇవి మారితే విండోస్ రాదు, జనం బయోస్ పాడైందని కంగారు పడతారు. బిట్‌లాకర్ ఉంటే దాన్ని తాత్కాలికంగా నిలిపి, రికవరీ కీ వేరేచోట రాసి ఉంచుకోవాలి. రికార్డులు, ప్రాజెక్టులు, ఫొటోలు ఇంకో డిస్కులోకి ఎక్కించాలి. బోర్డు యుటిలిటీలో వీలుంటే పాత బయోస్‌ను కూడా పెన్‌డ్రైవ్‌లో దాచాలి.

యంత్రం ఆరోగ్యం: కొత్త ఫైలు ర్యామ్ గుండానే చిప్పుకు చేరుతుంది. ర్యామ్ చెడ్డదైతే రాసేదీ చెడ్డదే. ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపి చూడాలి. మన సముద్రతీరపు ఉప్పుగాలికి, చెమ్మకు పాత బోర్డుల కాంటాక్టులు మసకబారతాయి, చిలుము పడుతుంది. వైరు పూర్తిగా ఊడదీసి, దుమ్ము దులిపి, ర్యామ్‌ను తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టాలి. కెపాసిటర్లు ఉబ్బి ఉన్నా, యంత్రం అప్పుడప్పుడు తనంతట తానే ఆగిపోతున్నా, ఆ జబ్బు నయమయ్యేదాకా బయోస్‌ను ముట్టుకోకూడదు.

కరెంటు సంగతి

అసలు ప్రమాదం ఎక్కడుందో ఇప్పుడు చూద్దాం. ఫ్లాష్ చిప్పులో పాతది చెరిపిన తర్వాతే కొత్తది రాయగలం. గట్టు తెంచి పాత తూము పీకేసి, కొత్త గొట్టం ఇంకా దించని సమయం వంటిది అది. సరిగ్గా అప్పుడే నీరు వచ్చిపడితే గట్టే పోతుంది. అందుకే మన పెద్దలు కాలువలు కట్టేసిన ఎండాకాలంలో తూముల పని పెట్టుకుంటారు. చిప్పు చెరిగి ఉన్న ఆ కొద్దిసేపట్లో కరెంటు పోతే, మళ్లీ స్విచ్చి వేసినప్పుడు యంత్రాన్ని లేపేవాడు ఉండడు.

మన ప్రాంతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇలాంటి గాలివాన సూచనలు ఉన్నప్పుడు, ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోకూడదు. పరీక్షల ముందు, ఫీజులు, కౌన్సెలింగు గడువుల ముందు కూడా వద్దు.

డెస్క్‌టాప్‌కు యు.పి.ఎస్. తప్పనిసరి. అది ఉన్నంత మాత్రాన చాలదు, బ్యాటరీ పనిచేయాలి. ముందురోజే అన్ని ఫైళ్లు మూసి, కంప్యూటర్ నడుస్తుండగా యు.పి.ఎస్. ప్లగ్గు గోడ నుంచి తీసి పది నిమిషాలు చూడాలి. కంప్యూటర్ ఆగకుండా ఉంటేనే నమ్మవచ్చు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అనుకోవద్దు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులోనే కొన్ని కంప్యూటర్లు రీస్టార్టు అవుతాయి. దానికి యు.పి.ఎస్. మోడ్ ఉంటే అందులో పెట్టి, ఇదే పరీక్ష చేయాలి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండా ఛార్జి చేసి, ఛార్జరు కూడా తగిలించి ఉంచాలి.

మార్చే విధానం

1. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసి, విప్పిన బయోస్ ఫైలును అందులో పెట్టండి. జిప్ ఫైలు అలాగే పెడితే బోర్డు చదవలేదు.

2. ఓవర్‌క్లాకింగ్ ఏదైనా ఉంటే తీసేసి, సెట్టింగులను డిఫాల్టుకు తెండి. అక్కరలేని యు.ఎస్.బి. పరికరాలన్నీ పీకేయండి.

3. బయోస్‌లోనే ఉండే యుటిలిటీతో మార్చడం మేలు. అసూస్‌లో ఈజీ ఫ్లాష్, గిగాబైట్‌లో క్యూ-ఫ్లాష్, ఎం.ఎస్.ఐ.లో ఎం-ఫ్లాష్ అని పేర్లు. మరీ పాత బోర్డులకు డాస్ బూట్ డిస్కు కావాలి. విండోస్‌లో నుంచి మార్చడం చివరి మార్గం. అక్కడ వెనకాల ఎన్నో ప్రోగ్రాములు నడుస్తుంటాయి, ఏ ఒక్కటి మొరాయించినా పని మధ్యలో ఆగవచ్చు. కొన్ని కంపెనీ యంత్రాలకు మాత్రం అదే అసలు పద్ధతి. అప్పుడు కంపెనీ చెప్పినట్టే చేయాలి.

4. 'ఈ ఫైలు ఈ బోర్డుది కాదు' అని తెర మీద వస్తే అక్కడితో ఆపండి. ఆ తనిఖీని దాటవేసే ఉపాయాలు చెప్పేవారి మాట వినవద్దు.

5. మొదలైన తర్వాత చేతులు కట్టుకుని కూర్చోండి. తెర నల్లబడవచ్చు, ఫ్యాన్లు గట్టిగా తిరగవచ్చు, యంత్రం రెండు మూడుసార్లు తనే రీస్టార్టు కావచ్చు. స్విచ్చి జోలికి పోవద్దు.

6. పూర్తయ్యాక బయోస్‌లోకి పోయి డిఫాల్టులు ఎక్కించి, కాగితం మీద రాసుకున్న సెట్టింగులను తిరిగి పెట్టి, తేదీ సరిచేయండి.

ఆగిపోతే?

రాసేటప్పుడు తప్పు వచ్చిందని తెర మీద కనబడితే, ఆపేయాలనే తొందర పనికిరాదు. యంత్రం ఇంకా నడుస్తోంది అంటే అవకాశం ఉన్నట్టే. ఆ యుటిలిటీ నుంచే మళ్లీ రాయండి, లేదా దాచిన పాత ఫైలును రాయండి. ఆపేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

పూర్తిగా లేవకపోతే ముందు ప్లగ్గు తీసి, బటన్ సెల్ ఊడదీసి, సెట్టింగులు చెరిపి చూడాలి. గిగాబైట్ బోర్డుల్లో కొన్నింటికి డ్యూయల్ బయోస్ అని రెండో చిప్పు ఉంటుంది. కొన్ని బోర్డులకు వెనకవైపు ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటుంది. చాలా పాత బోర్డుల్లో బూట్ బ్లాక్ అనే చిన్న భాగం మిగిలి ఉండి, ఫ్లాపీ నుంచి బయోస్‌ను మళ్లీ చదువుకోగలదు. ఇవేవీ లేకపోతే చిప్పును బయటి ప్రోగ్రామరుతో రాయించాలి. సాకెట్‌లో ఉన్న చిప్పు అయితే ఊడదీయడం తేలిక, టంకం వేసినదైతే క్లిప్పు పెట్టాలి. కొన్ని చిప్పులు 3.3 వోల్టులవి, కొన్ని 1.8 వోల్టులవి. ఎక్కువ వోల్టేజి ఇస్తే చిప్పు కాలిపోతుంది. కాబట్టి అలవాటున్న రిపేరు షాపులోనే ఇవ్వడం మంచిది.

మనలో చాలామందికి కంప్యూటర్ అంటే బందరులోనో గుడివాడలోనో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది, ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలు వంతులవారీగా వాడుకునేది. ధాన్యం డబ్బు చేతికి వచ్చాక కొన్నదాన్ని ఊరకే కుతూహలం కొద్దీ పణంగా పెట్టలేం. పాత బోర్డు పోతే దానికి సరిపడే ఇంకో బోర్డు దొరకడమూ కష్టమే. అలాగని భయపడి అవసరమైన పని మానుకోనక్కరలేదు. సరైన కారణం, సరైన ఫైలు, నిలకడైన కరెంటు, ఈ మూడూ ఉన్నాయని రూఢి చేసుకున్న రోజున ధైర్యంగా మార్చవచ్చు. ఏ ఒక్కటి లేకపోయినా ఆ పని ఇంకో రోజుకు వాయిదా వేయాలి.

ఈ నాలుగు మాటలు మన కాలేజీ మిత్రుల్లో ఒక్కరి కంప్యూటర్‌నైనా కాపాడితే నా శ్రమ ఫలించినట్లే.