మొదటి వారపు ఓటమి, మరుసటి వారపు పందెము

ప్రశ్న: అమెరికను ఫుట్‌బాల్ తొలివారమున ఘోరముగా ఓడిన జట్టుపై మరల పందెము కాయుట అవివేకమా? – ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: అయ్యా, 2003వ సంవత్సరమున తొలివారముననే బఫెలో బిల్స్ చేతిలో 31–0 పాయింట్లతో చిత్తుగా ఓడిన న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టే, ఆ యేట 16 ఆటలలో 14 గెలిచి, తుదివారమున అదే బిల్స్‌ను అదే 31–0తో మట్టికరపించి, పిమ్మట ఆ క్రీడకు తుదిపోరైన సూపర్‌బౌల్‌ను సైతము కైవసము చేసికొనినది. ఒక్క ఫలితమున ప్రతిభ యెంతయో, జారిన బంతి యెవరి చేతికి దొర్లినదను యాదృచ్ఛికత యెంతయో విడదీయుట దుష్కరము. పైగా పందెములు స్వీకరించు బుక్‌మేకరు ఆ ఫలితమును మీకన్న ముందుగనే గణించి, పందెము నెగ్గుటకు జట్టు దాటవలసిన పాయింట్ల తేడాను సవరించియే యుండును. ఆ తేడా 3 పాయింట్లా, మూడున్నరయా యన్నది మాత్రము ఉపేక్షింపరాదు. ఏలయన బంతిని స్తంభముల నడుమకు తన్ని సాధించు ఫీల్డ్‌గోల్ విలువ 3 పాయింట్లగుటచే పెక్కు పోటీలు సరిగా అంత తేడాతోనే ముగియుచుండును. ఇక 100 డాలర్లు గెలుచుటకు 110 ఒడ్డవలసిన వాడుకలో, నూటికి సుమారు 52.4 పందెములు నెగ్గినగాని అసలైనను దక్కదు. శకునియైనను ఇట్టి రుసుము వసూలు చేయలేదు సుమా!