రేపటి మజిలీ

ఐర్లండులో లిస్మోర్ అనే చిన్న ఊరు. 1941 నవంబరులో అక్కడ ఒక పిల్లకి పదేళ్లు నిండాయి. అమ్మానాన్నలు ఎవరో వాడిన సైకిలొకటి కొనిచ్చారు. తాతయ్య పాత అట్లాసు ఇచ్చాడు. కొద్దిరోజులకే, ఊరి దాపున ఎత్తు రోడ్డు ఎక్కుతూ ఆ పిల్ల పెడల్ తొక్కుతున్న తన కాళ్లవైపు చూసుకుంది. ఇవి ఇట్లాగే ఆగకుండా తిరుగుతుంటే ఇండియా దాకా పోవచ్చు కదా అనుకుంది. చెబితే పెద్దవాళ్లు నవ్వుతారని ఆ మాట కడుపులోనే దాచుకుంది.

ఆ పిల్లే డెర్వ్‌లా మర్ఫీ. ఇండియాకి బయల్దేరింది మాత్రం 1963 జనవరిలో, 31 ఏళ్ల వయసులో.

ఈ మధ్యలో గడిచిన 21 ఏళ్ల గురించే ముందు మాట్లాడుకోవాలి. తల్లికి కీళ్లవాతం. మంచం దిగలేని స్థితి. డెర్వ్‌లాని 14 ఏళ్లకే బడి మాన్పించారు. వంటా, ఇంటి పనీ, తల్లిని లేవదీయడం, కూర్చోబెట్టడం అన్నీ ఆ అమ్మాయి మీదే పడ్డాయి. తండ్రి 1961లో, తల్లి 1962లో పోయారు. ఆ ఏళ్లు ఎంత బరువుగా గడిచాయో ఆమే తర్వాత తన ఆత్మకథలో దాపరికం లేకుండా రాసింది. కానీ ఇంకో సంగతి కూడా ఉంది. ఆ బరువు మధ్యనే, ఇంట్లో కాస్త వెసులుబాటు దొరికినప్పుడల్లా ఆమె సైకిలు తీసింది. 1951లో వేల్స్, దక్షిణ ఇంగ్లండు. మరుసటేడు బెల్జియం, జర్మనీ, ఫ్రాన్స్. ఆ తర్వాత స్పెయిన్. కొద్ది వారాల్లో వెళ్లి రావడం, మళ్లీ మంచం పక్కన కూర్చోవడం. తల్లి పోయిన కొన్ని నెలలకే అంత దూరానికి సిద్ధపడగలిగిందంటే, కాళ్లూ మనసూ అప్పటికే అలవాటుపడి ఉన్నాయి కనుకనే.

మన ఇళ్లలో వినపడే మాట వేరు. అమ్మాయి పెళ్లి కానీ, ఇంటి అప్పు తీరనీ, రిటైరవనీ, అప్పుడు చూద్దాం అంటారు. అప్పుడు వస్తుంది. ఆసరికి మోకాళ్లు మాట వినవు, పదేళ్లుగా తాళం పడ్డ సైకిలు గొలుసు తుప్పు పట్టి ఉంటుంది. బాధ్యతలు ఉండటం తప్పు కాదు. వాటి పేరు చెప్పి వారంలో రెండు గంటలు కూడా తనకోసం తీసుకోకపోవడం తప్పు. ఈ మాట కటువుగా ఉంటే ఉండనీ.

ఈ వ్యాసకర్త ఇంట్లోనూ అలాంటి మంచం ఒకటి ఉండేది. పక్షవాతం వచ్చిన తండ్రి ఏళ్ల తరబడి దాని మీదే ఉన్నారు. మర్ఫీ పుస్తకం చేతికొచ్చింది ఆ రోజుల్లోనే. మనిషిని నిలబెట్టే పుస్తకం అంటారే, అలాంటిది.

ఆమె ప్రయాణం సంగతికి వస్తే, 1963 నాటి చలికాలం ఐరోపాలో కొన్ని దశాబ్దాలుగా ఎవరూ ఎరగనంత కఠినమైనది. ఫ్రాన్స్ ఉత్తర తీరాన డంకర్క్ దగ్గర మొదలుపెట్టింది. రోడ్లన్నీ మంచుగడ్డ. సైకిలు పేరు రోజినాంటె, ముద్దుపేరు రోజ్. ఆసియా రోడ్లకి తట్టుకోదని దానికున్న మూడు గేర్ల సరంజామా ముందే తీయించేసింది. ఎన్ని ఎక్కువ భాగాలుంటే అన్ని ఎక్కువ చెడతాయన్నది ఆమె లెక్క. అదనపు టైర్లు బండి మీద మోయకుండా, దారిలో చేరబోయే ఊళ్లకి ముందుగానే పోస్టులో పంపింది. ఒక చిన్న పిస్తోలు కూడా వెంట ఉంచుకుంది. అది యుగోస్లావియాలో అక్కరకొచ్చింది. ఎక్కిన లారీ మంచులో జారి చెట్టుకి గుద్దుకుంది. సాయం కోసం నడిచి పోతుంటే తోడేళ్లు మీదపడ్డాయి. పిస్తోలు పేల్చి ప్రాణం కాపాడుకుంది.

తర్వాత టర్కీ, ఇరాన్, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్. ఆడమనిషి ఒంటరిగా వెళ్లడానికి వీల్లేదని అఫ్గాన్ అధికారులు మొదట వీసా కాదన్నారు. పట్టు వదలకుండా తిరిగి తెచ్చుకుంది. అదే దేశంలో బస్సెక్కినప్పుడు జరిగిన గలాటాలో తుపాకి మడమ తగిలి పక్కటెముకలు విరిగాయి. అయినా ఆ దారి మొత్తంలో ఆమె మనసు పారేసుకున్నది అఫ్గానిస్తాన్ మీదే. జూలైలో ఢిల్లీ చేరింది. అక్కణ్నుంచి ధర్మశాల వెళ్లి టిబెట్ శరణార్థి పిల్లల శిబిరంలో నెలల తరబడి పనిచేసింది. 1965లో వచ్చిన ‘ఫుల్ టిల్ట్’ పుస్తకం ఈ ప్రయాణం కథే.

ఆ పుస్తకం ఎలా తయారైందో గమనించాలి. ఆమె ఇంటికొచ్చి గుర్తు చేసుకుని రాసింది కాదు. రోజంతా తొక్కి, దొరికినచోట ఇంత తిని, టీకొట్టు బల్ల మీదనో మట్టింటి నేల మీదనో కూర్చుని ప్రతి రాత్రీ డైరీ రాసేది. రాసినంతవరకు వీలు దొరికినప్పుడు స్నేహితులకి పోస్టు చేసేది. ఒళ్లు హూనమైన రోజున కూడా ఆ పని మానలేదు.

మన దగ్గర ఇంతకంటే 130 ఏళ్ల ముందే ఈ పని చేసిన మనిషి ఉన్నాడు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. పెడల్ తొక్కే సైకిలు అప్పటికి పుట్టలేదు. ఆయన పల్లకీలో, పెద్ద పరివారంతో వెళ్లారు, ఒంటరి ప్రయాణం కానేకాదు. కానీ ఏ రోజు ఎక్కడ దిగారు, అక్కడ నీళ్లు ఎలా ఉన్నాయి, సరుకులు దొరుకుతాయా, ముందు దారి ఎలాంటిది అన్నీ మజిలీ వెంట మజిలీగా రాసి తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకి ఉత్తరాలుగా పంపారు. అదే ‘కాశీయాత్ర చరిత్ర’ అయింది. కాశీ ఎంత దూరమో తలచుకుంటూ కూర్చుంటే మొదటి మజిలీ దగ్గరే గుండె జారిపోయేది. ఆయన పట్టించుకున్నది ఆ పూట దిగిన చోటినీ, మర్నాటి దారినీ.

వ్యక్తిత్వ వికాసం పేరుతో పుస్తకాలు చెప్పే అలవాట్లు వంద ఉండొచ్చు. ఈ వ్యాసకర్త ఒట్టేసి చెప్పగలిగేది ఒక్కటే. పడుకునే ముందు కాగితం మీద, చేత్తో, రేపటి మజిలీ రాసుకోవడం.

మొత్తం మూడు వరుసలు. మొదటి వరుసలో రేపు చేరాల్సిన చోటు, బయల్దేరే వేళ. ‘రేపు వ్యాయామం’ అని రాస్తే లాభం లేదు. ‘ఐదున్నరకి, చెరువు గట్టు అవతల వేపచెట్టు దాకా’ అని రాయాలి. రెండో వరుసలో దానికి కావలసిన వస్తువు ఒకటి. నీళ్ల సీసానో, పంపో. రాసిన వెంటనే లేచి ఆ వస్తువు గుమ్మం దగ్గర పెట్టాలి. మూడో వరుస ముఖ్యమైనది, చాలామంది వదిలేసేది. అక్కడిదాకా పోలేకపోతే ఎక్కడ ఆగాలి? వాన పడితే, ఇంట్లోంచి ఫోనొస్తే, కాలు పట్టేస్తే, సగం దారిలో తిరిగి రావడానికి కూడా ఒక చోటు ముందే రాసి ఉండాలి. అలా రాసుకున్నప్పుడు తిరిగి రావడం ఓటమిలా అనిపించదు. మర్ఫీ కూడా మంచు మరీ ముదిరినచోట రైలూ లారీ ఎక్కింది. రావల్పిండి నుంచి గిల్గిట్‌కి విమానంలో వెళ్లింది. వచ్చేటప్పుడు మాత్రం బాబుసర్ కనుమ మీదుగా, మంచులో సైకిలు మోసుకుంటూ దాటింది. ప్రతి అంగుళమూ తొక్కితేనే ప్రయాణం అనేవాళ్లు రికార్డు పుస్తకాల కోసం తొక్కుకోవచ్చు. మామూలు మనిషికి అంత పట్టుదల అక్కర్లేదు, రేపు మళ్లీ సీటెక్కగలిగితే చాలు.

పరిశోధనలు కూడా దీనికి దగ్గరగానే మాట్లాడుతున్నాయి. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం వాళ్లు కొంతమంది యువతీయువకుల్ని ల్యాబులో పడుకోబెట్టి, పడుకునే ముందు ఐదు నిమిషాలు ఏదో ఒకటి రాయించారు. కొందరు అప్పటికే చేసేసిన పనులు రాశారు, కొందరు ముందు చేయాల్సినవి రాశారు. 2018లో వచ్చిన ఫలితం ప్రకారం, చేయాల్సినవి రాసినవాళ్లు సగటున తొమ్మిది నిమిషాల ముందే నిద్రపోయారు. వివరంగా రాసినవాళ్లకి ఇంకా తొందరగా నిద్రపట్టింది. 1930లలో క్లార్క్ హల్ అనే మనస్తత్వవేత్త ఎలుకలతో చూపించిన సంగతి కూడా ఉంది. తిండి దగ్గరపడేకొద్దీ ఎలుక పరుగు పెరుగుతుందట. గమ్యం కనుచూపుమేరలో ఉంటేనే కాళ్లకి ఊపు.

ఎలుకల మాట ఎలా ఉన్నా, ఈ వ్యాసకర్తకి తెలిసింది మంచం పక్కన కుర్చీలో తెలిసింది. రాత్రి రెండింటికి నాన్నని ఒత్తిగిలించి పడుకోబెట్టాక మళ్లీ నిద్రపట్టేది కాదు. ఆసుపత్రి బిల్లులు, సెలవు చీటీలు, అక్కతో మాటపట్టింపు, ఎప్పటికీ పోలేనేమో అనిపించే దారులు, అన్నీ ఒక్కసారిగా కమ్ముకొచ్చేవి. మందుల చీటీ వెనక పెన్సిలుతో ఆ మూడు వరుసలు రాయడం అప్పుడు మొదలైంది. పొద్దున అత్తయ్య వచ్చి నాన్న దగ్గర కూర్చునే గంటన్నరలో సైకిలు చెరువు గట్టు మీద ఉండేది. జబ్బు తగ్గలేదు, అప్పులూ తీరలేదు. నిద్ర మాత్రం వచ్చేది.

ఈ అలవాటు విలువ బాగా తెలిసేది ఏమీ లేని బయలులో. ఆస్ట్రేలియా దక్షిణాన నల్లార్‌బోర్ మైదానం అలాంటిది. చెట్టన్నది కనపడని నేల, మీద ఎండ. 1896 నవంబరులో ఆర్థర్ రిచర్డ్‌సన్ అనే యువకుడు కూల్‌గార్డీ నుంచి అడిలైడ్‌కి ఒంటరిగా సైకిలు మీద దాన్ని దాటాడు. రోడ్డు లేదు. నీళ్ల సంచీ, కాస్త సామాను. టెలిగ్రాఫు తీగ వెంట 31 రోజులు. ఇవాళ అక్కడ తారు రోడ్డుంది. కానీ బల్లడోనియా, కైగునా అనే రెండు రోడ్డుపక్క మకాముల మధ్య దూరం 182 కిలోమీటర్లు. అందులో 146 కిలోమీటర్లకి పైగా ఒక్క వంపు కూడా లేని రోడ్డు. ఎదురుగాలి లేస్తే ఆ 182 కిలోమీటర్లూ ఒక్క పగల్లో తెమలవు. అలాంటి దారిలో మర్నాటికి ఎన్ని లీటర్ల నీళ్లు, పొద్దు కుంకేసరికి ఎన్నో కిలోమీటరు రాయి దగ్గర గుడారం అన్నవి ముందు రాత్రే తేలాలి.

మన దేశం నుంచి ఇలా వెళ్లినవాళ్లు తక్కువేమీ కాదు. ఒడిశా చిత్రకారుడు ప్రద్యుమ్న కుమార్ మహానందియా 1977 జనవరిలో, స్వీడన్‌లో ఉన్న తన ప్రియురాలు షార్లెట్‌ని చేరుకోడానికి ఢిల్లీ నుంచి పాత సైకిలు మీద బయల్దేరాడు. మర్ఫీ వచ్చిన దారికి ఎదురు దారి. దారిలో బొమ్మలు గీసిచ్చి అన్నం సంపాదించుకుంటూ, మే నెలాఖరుకి చేరాడు. 2018లో పుణే అమ్మాయి వేదాంగి కులకర్ణి 20 ఏళ్ల వయసుకి 159 రోజుల్లో దాదాపు 29,000 కిలోమీటర్లు తొక్కి భూగోళం చుట్టింది. కెనడాలో ఎలుగుబంటి వెంటపడింది. స్పెయిన్‌లో కత్తి చూపించి దోచుకున్నారు. ‘ఆడపిల్లవి, ఒక్కదానివే ఎలా?’ అని అడిగే నోళ్లకి ఇలాంటి పేర్లు చెప్పాలి. భయపడొద్దని కాదు. భయం ఉండాల్సిందే. దాంతోపాటు దారి వివరాలూ చేతిలో ఉండాలి.

మిగతా సలహాలు గబగబా. సీటు ఎత్తు సరిచూసుకోవాలి. పెడల్ కిందికి పోయినప్పుడు మోకాలు కొద్దిగానే వంగి ఉండాలి, లేకపోతే నొప్పులు తప్పవు. దాహం వేయకముందే నీళ్లు తాగాలి. ఎక్కడ ఉన్నదీ రోజుకొకసారి ఇంట్లో ఒకరికి చెప్పాలి. పక్కవాడి కిలోమీటర్లతో పోల్చుకోకూడదు. ప్రేరణ వీడియోలు చూస్తూ రాత్రి పదకొండు చేయడం మానాలి, అవి చూసి సైకిలెక్కినవాళ్లకంటే చూసి పడుకున్నవాళ్లే ఎక్కువ.

పంక్చరు వేయడం మాత్రం నేర్చుకుని తీరాలి. మొదట టైరు లోపలివైపు వేలితో తడిమి ముల్లు తీసేయాలి. ఇది మరిచిపోతే అదే ముల్లు మళ్లీ గుచ్చుతుంది. గాలి కొట్టిన ట్యూబు నీళ్ల పళ్లెంలో ముంచితే బుడగలు వస్తాయి. ఆ చోట తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పల్చగా రాసి, అది వేలికి అంటుకోనంత ఆరేదాకా ఆగాలి. ఆరకముందే ప్యాచీ అతికిస్తే పది కిలోమీటర్లకి ఊడుతుంది. సాయంత్రం వరండాలో రెండుసార్లు చేసి చూస్తే చేతికొచ్చే పని. ఇది చేతనైన రోజు నుంచి మనిషి నడకే మారుతుంది, ఊరికి దూరంగా బండి ఆగిపోతే అన్న బెంగ సగం తగ్గుతుంది.

మొదటి దూర ప్రయాణం చుట్టాలున్న ఊరికి పెట్టుకోవడం మేలు. యాభై అరవై కిలోమీటర్ల దూరం, రాత్రి పడకకి చోటు, మర్నాడు వెనక్కి. చలికాలమైతే మంచిది. హైవే కాకుండా, కాలవ గట్టు వెంటో పొలాల మధ్యనో పోయే పాత రోడ్డు చూసుకోవాలి. వెనక ఎర్ర లైటు, పంపు, ప్యాచీ డబ్బా, రెండు లీటర్ల నీళ్లు, కాసిని వేరుశనగ ఉండలు. వెలుతురు రాగానే బయల్దేరితే పదకొండు లోపల చేరొచ్చు. మూడో వరుసలో రాయాల్సింది దారి మధ్యలో బస్సాగే ఊరి పేరు. పల్లెవెలుగు బస్సు టాపు మీద సైకిలు కట్టించుకోడానికి వీలవుతుందో లేదో ముందురోజే డిపోలో అడిగి ఉంచుకోవాలి.