కొవ్వు జబ్బంటే నెయ్యి జబ్బు కాదు

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్ళు. రెండేళ్ళుగా పొట్ట ఎత్తుగా ఉంటోంది. ఊళ్ళో ‘బల్ల’ అని పసరు పోయించారు. ఐరన్ టానిక్కులూ తాగించాం. చివరికి ఎముక మూలుగ పరీక్ష చేసి గోషే జబ్బు అన్నారు, కణాల్లో కొవ్వు పేరుకుపోతోందట. నేను మేనమామనే చేసుకున్నాను, మా అమ్మమ్మే నాకు అత్తగారు. ‘కడుపుతో ఉన్నప్పుడు నెయ్యి, జీడిపప్పు తెగ తిన్నావు, అందుకే’ అంటోంది. బాబుకి నెయ్యి, గుడ్డు మాన్పించేశాను. ఇప్పుడు నాకు మళ్ళీ రెండో నెల. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, మార్కాపురం

జవాబు: ముందు బాబు అన్నంలో నెయ్యి వెయ్యండమ్మా. గుడ్డూ పెట్టండి. ఈ కొవ్వు వంటింట్లోంచి వచ్చింది కాదు. మన శరీరంలో ప్రతి కణమూ తన పైపొరలో గ్లైకోస్ఫింగోలిపిడ్లనే ఒక రకం కొవ్వుల్ని తానే తయారుచేసుకుని అమర్చుకుంటుంది. వాటి కొవ్వు భాగం పొరలో దిగి ఉంటుంది, చక్కెర భాగం బయటికి ఉంటుంది. కణాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి ఆ చక్కెరలు కావాలి. మెదడు, నరాలు ఎదగడానికీ ఈ కొవ్వులు కావాలి. అవి లేకుండా బతకలేం.

చిక్కంతా పాతవాటిని వదిలించుకోవడంలో ఉంది. ఆయువు తీరిన రక్తకణాలను ప్లీహం, కాలేయం, మూలుగల్లో ఉండే మాక్రోఫేజ్‌లనే కణాలు మింగి, ఒక్కో భాగమూ విడగొడతాయి. గ్లూకోసిల్‌సెరమైడ్ అనే కొవ్వును విడగొట్టే ఎంజైమ్ మీ బాబులో సరిగా పనిచేయడం లేదు. విడగొట్టలేనిది ఆ కణాల్లోనే పోగుపడుతోంది. ఊళ్ళో బల్ల అన్నది అలా పెరిగిన ప్లీహాన్నే. 1882లో ఫిలిప్ గోషే అనే ఫ్రెంచి వైద్యుడు ఈ జబ్బును మొదట వర్ణించినప్పుడు దాన్ని ప్లీహంలో పుట్టిన కంతి అనుకున్నాడు. అసలు లోపం ఎంజైమ్‌దని అమెరికాలో రాస్కో బ్రేడీ బృందం తేల్చేసరికి 1960లు వచ్చాయి. కాబట్టి మీ ఊరివాళ్ళను మరీ తప్పుపట్టకండి. పసరు మాత్రం ఇక వద్దు.

ఇక అమ్మమ్మగారి మాట. బిడ్డకు ఈ జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపమున్న జన్యువులు చేరాలి. మేనరికం జబ్బును పుట్టించదు, ఒకే లోపం రెండు వైపుల నుంచీ వచ్చి కలిసే అవకాశాన్ని పెంచుతుంది. మీ అమ్మగారూ మీ భర్తా తోబుట్టువులు. అంటే మీ ఇద్దరికీ ఈ లోపం చాలావరకు అమ్మమ్మ, తాతయ్యల్లో ఒకరి నుంచే వచ్చి ఉంటుంది. ఆమెతో వాదించమని చెప్పడం లేదు, ఇందులో ఆవిడ తప్పూ లేదు. కానీ మీ మీద వేసుకోకండి.

ఇప్పుడు తొందరగా చేయాల్సినది ఉంది. కడుపులో ఉన్న బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు వచ్చింది కనుక రెండో బిడ్డకు రాదని, ఇలా వంతులవారీగా ఏమీ ఉండదు, ప్రతి కాన్పుకీ అంతే. 11 నుంచి 14 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించవచ్చు. అయితే బాబు జన్యువులో లోపం ఎక్కడుందో ముందు తెలియాలి. అందుకే ఈ వారమే బాబు రక్తంతో ఎంజైమ్ పరీక్ష, ఆ ఎంజైమ్‌కు సంబంధించిన జీబీఏ1 జన్యు పరీక్ష చేయించండి. మూలుగ రిపోర్టు ఒక్కటీ నిర్ధారణకు చాలదు. హైదరాబాదులో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి అరుదైన జబ్బుల కేంద్రంగా పనిచేస్తున్నాయి. అక్కడ అడగండి.

మందు ఉంది. లేని ఎంజైమ్‌ను రెండు వారాలకోసారి సెలైన్‌లా నరంలోకి ఎక్కిస్తారు. ప్లీహం తగ్గుతుంది, రక్తం పెరుగుతుంది. ఆ ఎంజైమ్ మెదడులోకి వెళ్ళలేదు కనుక బాబు చూపు కదలికల్లో, నడకలో తేడా ఉందేమో డాక్టరు చేత తప్పక చూపించండి. ఖర్చు మాత్రం భయంకరం. కేంద్రం అరుదైన జబ్బుల విధానం కింద 50 లక్షల రూపాయల దాకా సాయం ఇస్తుంది. బరువును బట్టి మోతాదు పెరిగే, జీవితాంతం వాడాల్సిన మందుకు మొత్తం మీద ఇంత అని గీత గీయడం నాకు అర్థం కాదు. అయినా దరఖాస్తు ఆపకండి.

అంతవరకూ పొట్టకు దెబ్బ తగిలే ఆటలు వద్దు. ఈ జబ్బులో ప్లేట్‌లెట్లు తగ్గుతాయి కాబట్టి ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వద్దు. ఐరన్ లోపం పరీక్షలో తేలితేనే ఐరన్ వెయ్యండి.

ప్రశ్న: పుణెలో ఉద్యోగం. 2025 జనవరిలో విరేచనాలయ్యాయి, తగ్గిన పది రోజులకు కాళ్ళు చచ్చుబడ్డాయి. గీయాన్ బారే అనే నరాల జబ్బు అన్నారు. ఇప్పుడు నడుస్తున్నాను కానీ మెట్లు ఎక్కడం కష్టం. నరాల బలానికి గాంగ్లియోసైడ్ ఇంజెక్షన్లు మంచివని మిత్రుడు అంటున్నాడు.
– ఒక పాఠకుడు

జవాబు: వద్దు. మీ విషయంలో ఆ పేరే వినకండి. విరేచనాలు తెచ్చే కాంపిలోబాక్టర్ క్రిమి పైపూతలో ఒక చక్కెర అమరిక ఉంటుంది. అది మన నరాల మీదుండే జీఎం1 అనే గాంగ్లియోసైడ్‌కు అచ్చుగుద్దినట్టు ఉంటుందని 1993లో జపాన్‌లో యుకీ బృందం చూపించింది. క్రిమి మీదికి తయారైన యాంటీబాడీలు పొరపాటున నరం మీద పడతాయి. గాంగ్లియోసైడ్లు కూడా గ్లైకోస్ఫింగోలిపిడ్లే. పశువుల మెదడు నుంచి తీసిన ఈ ఇంజెక్షన్ల తర్వాత గీయాన్ బారే వచ్చిన కేసులు బయటపడి, ఐరోపాలో కొన్ని దేశాలు వాటిని మార్కెట్ నుంచి తీసేశాయి.

 

మీకు కావలసింది ఫిజియోథెరపీ, ఓపిక. నరం కోలుకోవడానికి నెలలు పడుతుంది, ఏడాది దాటినా మెరుగుదల కనిపించేవాళ్ళున్నారు. మళ్ళీ బలం తగ్గుతుంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ప్రశ్న: మా పాపకి గోషే. లోపమున్న జన్యువు ఒకటి ఉన్న తల్లిదండ్రులకు పార్కిన్సన్స్ వస్తుందని ఇంటర్నెట్లో చదివాను. నిద్ర పట్టడం లేదు.
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: రిస్కు పెరుగుతుందన్నది నిజమే, 2009లో పలు దేశాల రోగుల మీద జరిగిన అధ్యయనం దాన్ని స్థిరపరిచింది. కానీ ఆ జన్యువు ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి పార్కిన్సన్స్ రానే రాదు. ముందుజాగ్రత్తగా వేసుకోదగ్గ మాత్ర ఏదీ లేదు, కాబట్టి ఎవరమ్మినా కొనకండి. చేయి వణకడం, వాసన తెలియకపోవడం, నడక నెమ్మదించడం గమనిస్తే న్యూరాలజిస్టుకు చూపించుకుని, పాప జబ్బు సంగతి కూడా చెప్పండి.