నెట్ ఆగింది సరే, ఎక్కడ ఆగింది?

తెలుగు రాష్ట్రాల నుంచి ఢిల్లీకో నోయిడాకో గురుగ్రామ్‌కో కొత్తగా వచ్చినవాళ్లు ఇంట్లో నెట్ సతాయించగానే పెద్ద ప్లాన్‌కి మారతారు, అప్పటికీ కుదరకపోతే కంపెనీనే మార్చేస్తారు. రెంటికీ డబ్బు ఖర్చే, చాలాసార్లు ఫలితం సున్నా. కంపెనీ ఎక్స్ఛేంజి నుంచి మీ ల్యాప్‌టాప్ దాకా ఉన్న దారిలో బయటి ఫైబరు, బిల్డింగులో పెట్టె, గుమ్మం దాటి వచ్చే తీగ, రౌటర్, గోడల మధ్య తిరిగే వైఫై, ఇన్ని ముక్కలున్నాయి. ఏది దెబ్బతిన్నా ఫోన్ తెరమీద కనిపించేది అదే గుండ్రంగా తిరిగే చక్రం. కుళాయిలో నీళ్లు రాకపోతే ముందు పైన ట్యాంకు చూసి, ఆ తర్వాతే ప్లంబర్‌ని పిలుస్తాం. నెట్ విషయంలోనూ మరమ్మతు కన్నా ముందు తేలాల్సింది చోటు. ఆ చోటు తేల్చడానికి ఇంజనీరింగ్ చదివి ఉండక్కర్లేదు.

మొదట రౌటర్ దీపాలు చూడండి. ఫైబర్ కనెక్షన్ అయితే ఎల్‌ఓఎస్ అని రాసిన దీపం ఒకటి ఉంటుంది. అది ఎర్రగా వెలుగుతున్నా, మిణుకుమంటున్నా కాంతి మీ ఇంటిదాకా రావడం లేదన్నమాట. అప్పుడు ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా ప్రయోజనం లేదు. గోడ నుంచి పెట్టెలోకి వెళ్లే సన్నని తీగ సోఫా వెనక నలిగిందేమో, గట్టిగా మడత పడిందేమో మాత్రం చూడండి. గాజు తీగ బాగా వంగితే కాంతి పక్కకు జారిపోతుంది. కనెక్టరు ఊడదీసి దాని కొసలోకి తొంగిచూడకండి, అందులోని కాంతి కంటికి కనబడదు కానీ హాని చేయగలదు. తీగ సరిగ్గానే ఉంటే తప్పు బయట ఉంది. మే, జూన్ నెలల్లో ఇక్కడ ఆంధీ అనే దుమ్ముగాలి లేస్తుంది. స్తంభం నుంచి స్తంభానికి వేలాడే తీగలు ఆ గాలికి తెగుతుంటాయి. ఎర్ర దీపాన్ని ఫోటో తీసి ఫిర్యాదు పెట్టేయడమే మేలు.

కరెంటు సంగతి కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ఢిల్లీ, చుట్టుపక్కల ఊళ్లు కలిసిన ఎన్‌సీఆర్‌లో చాలా తికమక ఇక్కడే. సొసైటీలో కరెంటు పోయి జనరేటర్ అందుకునేసరికి కొద్ది సెకన్లే పడుతుంది. కానీ ఆ కాసేపట్లో ఆరిపోయిన రౌటర్ మళ్లీ లేచి లైన్ పట్టుకోవడానికి నిమిషాలు తీసుకుంటుంది. రోజుకు నాలుగుసార్లు ఇలా జరిగితే 'నెట్ మాటిమాటికీ పోతోంది' అనే అనిపిస్తుంది. పైగా 2023 అక్టోబరు 1 నుంచి ఎన్‌సీఆర్ అంతటా డీజిల్ జనరేటర్ల మీద వాయు నాణ్యత నిర్వహణ కమిషన్ ఆంక్షలు ఉన్నాయి, అన్నిచోట్లా బ్యాకప్ వెంటనే అందుతుందని అనుకోవడానికి లేదు. రౌటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ దీనికి మందు. అడాప్టర్ మీద ఎన్ని వోల్టులని ఉందో చూసి దానికి సరిపడేదే కొనండి. అయితే అది పనిచేసేదీ లేనిదీ మీ ఇంటికి వచ్చే తీగను బట్టి ఉంటుంది. నేరుగా ఇంట్లోకి ఫైబరే వస్తే, వీధిలో దాన్ని చీల్చే స్ప్లిటర్‌కి కరెంటు అక్కర్లేదు. అందుకే వీధంతా చీకటైనా నెట్ నడవగలదు. డాబా మీద నెట్‌వర్క్ స్విచ్ పెట్టి, అక్కడి నుంచి ఒక్కో ఫ్లోరుకి ల్యాన్ కేబుల్ దించితే మాత్రం ఆ స్విచ్‌కి కరెంటు పోగానే మీ యూపీఎస్ నిండుగా ఉన్నా లాభం లేదు. అప్పుడు ఇంటి యజమానితో మాట్లాడాలి, కంపెనీ మారితే ఒరిగేది లేదు.

దీపాలన్నీ పచ్చగా ఉండి నెట్ మాత్రం నత్తనడక నడుస్తుంటే, తీగతో పరీక్ష చేయండి. ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో నేరుగా రౌటర్‌కి కలిపి వేగం కొలవండి. తీగ మీద పూర్తి వేగం వచ్చి పడకగదిలో రాకపోతే లోపం వైఫైది. కొత్త టవర్ల గోడల్లో ఇనుప కడ్డీల కాంక్రీటు, పాత బిల్డర్ ఫ్లోర్లలో మందపాటి ఇటుక, రెండూ సిగ్నల్‌ని మింగేస్తాయి. లక్ష్మీనగర్, ముఖర్జీనగర్, ఓల్డ్ రాజేంద్రనగర్ లాంటి చోట్ల ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, మీ గదిలోకి చుట్టుపక్కల వైఫైలన్నీ వచ్చి పడతాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపై ఒకటి పడని చానళ్లు 1, 6, 11 మూడే, వాటిలోనే అందరూ సర్దుకోవాలి. 5 గిగాహెర్ట్జ్‌లో చోటెక్కువ, కానీ గోడ దాటే శక్తి తక్కువ. కాబట్టి రౌటర్‌ని టీవీ వెనక నుంచి తీసి ఇంటి నడిమధ్యకు, కాస్త ఎత్తుకు మార్చడం ప్లాన్ పెంచడం కన్నా ముందు చేయాల్సిన పని. తీగ మీద కూడా వేగం 95 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంటే కేబుల్ కొసన ఉన్న పారదర్శకమైన ప్లగ్గులోకి చూడండి. లోపల ఎనిమిది సన్నని రంగు తీగలు ఉండాలి. నాలుగే బిగించి ఉంటే 100 ఎంబీపీఎస్ దాటదు, మీరు 300 ప్లాన్‌కి డబ్బు కట్టినా సరే. ఇంకో సంగతి: ప్లాన్‌లో రాసేది మెగాబిట్లు, డౌన్‌లోడ్‌లో తరచూ కనిపించేది మెగాబైట్లు. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లే. అది మోసం కాదు.

'నెలనెలా డబ్బు కడుతున్నాం, తప్పెక్కడుందో వెతకాల్సింది కంపెనీ కదా?' అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఇంటికొచ్చిన టెక్నీషియన్ రౌటర్ పక్కనే నిలబడి వేగం కొలిచి, బాగానే ఉందని ఫిర్యాదు మూసేస్తే మీ పడకగది సమస్య అలాగే ఉండిపోతుంది. చోటు ముందే తెలిస్తే అతన్ని సరైన చోట నిలబెట్టగలరు. హిందీ ఇంకా నాలుక తిరగని కొత్తల్లో ఇది మరీ అవసరం. 'నెట్ నహీ చల్ రహా' (నెట్ రావడం లేదు) అంటే అవతలి నుంచి రీస్టార్ట్ చేయమనే సమాధానమే వస్తుంది. 'రౌటర్ మే లాల్ బత్తీ జల్ రహీ హై' (రౌటర్‌లో ఎర్ర దీపం వెలుగుతోంది), 'తార్ లగాకర్ భీ స్పీడ్ కమ్ హై' (తీగ కలిపినా వేగం తక్కువే) అనే రెండు వాక్యాలు నేర్చుకోండి చాలు, మాట సూటిగా అసలు విషయానికి వెళ్తుంది.

మొబైల్ హాట్‌స్పాట్ ఉండగా ఇంత తంటా ఎందుకని ఇంకొందరంటారు. ఒక పూటకి అది అక్కరకొస్తుంది, నిజమే. కానీ ఇక్కడ మొబైల్ డేటా ప్రభుత్వ ఉత్తర్వుతో ఆగిపోయిన రోజులూ ఉన్నాయి. 2021 జనవరి 26న సింఘు, టిక్రీ, ఘాజీపూర్ పరిసరాల్లో ఆపారు. 2023 ఆగస్టు మొదటి వారంలో నూహ్‌తో పాటు ఫరీదాబాద్ జిల్లాలో, గురుగ్రామ్ జిల్లాలోని సోహ్నా, మానేసర్, పటౌడీల్లో ఆపారు. ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్లు, ఆన్‌లైన్ పరీక్షలు రాసేవాళ్లు ఒక్క మొబైల్ మీదే ఆధారపడడం మంచిది కాదు.

అన్నీ సవ్యంగా ఉన్నా కొన్ని సైట్లే మొరాయిస్తుంటే తప్పు మీ ఇంట్లోనూ లేదు, బహుశా మీ కంపెనీలోనూ లేదు. 2025 సెప్టెంబరులో జెడ్డా దగ్గర ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు భారత్‌లోనూ నెట్ నెమ్మదించింది. అలాంటప్పుడు రౌటర్ సెట్టింగులు గెలికితే బాగున్నది కాస్తా పాడవుతుంది.

ఫిర్యాదు పెట్టిన ప్రతిసారీ డాకెట్ నంబర్ అడిగి రాసుకోండి. అది ఇవ్వడం కంపెనీ బాధ్యత. పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీలోని అప్పీలేట్ అథారిటీకి వెళ్లాలి, ఆ అప్పీలును 39 రోజుల్లో తేల్చాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన. ట్రాయ్ కార్యాలయం ఢిల్లీలోనే ఉంది కదా అని నేరుగా అక్కడికి వెళ్తే లాభం లేదు, వ్యక్తిగత ఫిర్యాదులను అది విచారించదు. టెలికాం తగాదాలతో వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది, ఆ దారి తెరిచే ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఎక్కడికి వెళ్లినా తేదీలు, దీపాల ఫోటోలు, తీగతో కొలిచిన వేగం మీ తరఫు సాక్ష్యాలు.

ఇంకా ఇల్లు తీసుకోని వాళ్లు అడ్వాన్సు ఇవ్వకముందే మూడు విషయాలు అడగండి: ఈ బిల్డింగులోకి ఏయే కంపెనీల తీగలు వస్తున్నాయి, ఇంట్లోకి వచ్చేది ఫైబరా ల్యాన్ కేబులా, డాబా మీద పెట్టెకు కరెంటు ఎవరి మీటరు నుంచి వెళ్తోంది. మూడోదానికి యజమాని దగ్గర జవాబు లేకపోతే పై ఫ్లోరులో అద్దెకున్నవాళ్లని అడగండి.